ఊపిరి ఆపండి, బిగపట్టకండి

గుండె రక్తనాళాల లోపలి వెడల్పు 2 నుంచి 4 మిల్లీమీటర్లు. అంత సన్నటి గొట్టంలో పూడిక సీటీ స్కాన్‌లో కనపడాలంటే రెండు కదలికలు అదుపులో ఉండాలి. ఒకటి గుండె కొట్టుకోవడం. బీటా బ్లాకర్ మాత్రతో ఆ వేగాన్ని నిమిషానికి 60 దగ్గరికి తెస్తారు. రెండోది ఊపిరి. దానికి మాత్ర లేదు, పేషెంటే ఆపాలి.

64 స్లైసుల మిషన్ (ఒక్క చుట్టులో 64 పలుచటి పొరల బొమ్మ తీసేది) మీద ఊపిరి ఆపాల్సింది దాదాపు 10 సెకన్లు. బొమ్మ ఒక్క దెబ్బలో రాదు. నాలుగైదు గుండె చప్పుళ్లలో ముక్కలుగా తీసి అతికిస్తారు. మధ్యలో డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఊపిరి కండరం) కదిలితే గుండె దానితోపాటు జారుతుంది, నాళం మెట్లుమెట్లుగా తెగినట్టు వస్తుంది. తప్పు ఎవరిదో రొమ్ము ఎముకే చెప్తుంది: ఎముకలోనూ మెట్టు ఉంటే ఊపిరిది, ఎముక నున్నగా ఉండి నాళమే చెదిరితే గుండెది.

ఊపిరి నిండా పీల్చమనడం పొరపాటు. ముప్పావు వంతు చాలు. నాళాలు బొమ్మలో కనపడటానికి చేతి నరంలోకి కాంట్రాస్టు అనే మందు ఎక్కిస్తారు. మరీ లోతుగా పీలిస్తే కడుపు వైపు నుంచి ఆ మందు కలవని రక్తం గుండెలోకి దూసుకొచ్చి దాన్ని పలుచన చేస్తుంది. ముక్కి పట్టుకుంటే ఛాతీలో ఒత్తిడి పెరిగి, చేతి నుంచి వచ్చే మందే ఆగుతుంది. ‘బిగపట్టండి’ అనే మాటతోనే చిక్కు; అది విన్నవాళ్లు నిజంగానే పొట్ట బిగిస్తారు.

ములుగు, భూపాలపల్లి పల్లెల నుంచి వరంగల్ వచ్చే పెద్దమనుషులకు మిషన్‌లో రికార్డు చేసిన ఇంగ్లిష్, హిందీ సూచనలు ఎక్కవు. “జర దమ్ము తీస్కోండ్రి… గట్లనే ఆపుండ్రి… ఇగ ఇడువుండ్రి” అంటే ఇట్టే అర్థమవుతుంది. మందు ఎక్కించకముందే పొట్ట మీద చెయ్యి పెట్టి, ఈసీజీ చూస్తూ రెండు మూడుసార్లు చేయించాలి. ప్రతిసారీ అంతే ఊపిరి తీసుకోవాలి. అసలు స్కాన్‌లో ఎక్కువ పీలిస్తే గుండె కిందికి దిగి, అడుగు భాగం బొమ్మలో తెగిపోతుంది. ఆపిన వెంటనే గుండె వేగం కొంచెం మారుతుంది కాబట్టి రెండు మూడు సెకన్లు ఆగి మొదలుపెట్టడం మేలు.

సెకనుకు 5 మిల్లీలీటర్ల చొప్పున కాంట్రాస్టు పోతుంటే గొంతు నుంచి పొత్తికడుపు దాకా వేడి పాకుతుంది, మూత్రం పోయినట్టే ఉంటుంది. ముందే చెప్పకపోతే సరిగ్గా అప్పుడే “అబ్బా” అంటారు, బొమ్మ పోతుంది.

బీడీలకో, బొగ్గు దుమ్ముకో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లకు 10 సెకన్లు కష్టమే. ముక్కు గొట్టంతో ఆక్సిజన్ పెట్టి, ముందు రెండు నిదానమైన ఊపిరులు తీయిస్తే కొంత ఆసరా. చెవుడున్నవాళ్లకు మిషన్ ముందువైపు వెలిగే ఊపిరి లైటును ముందే చూపించాలి.

ఇక ‘ఇడువుండ్రి’ అనడం మాత్రం మరవొద్దు. స్కాన్ అయిపోయినా ఆపుకొనే ఉండేవాళ్లుంటారు.