కంపెనీ స్టీరియోను వైరు కొయ్యకుండా విప్పడం: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులు పిల్లలందరికీ పెదనాన్న ఆశీస్సులు.

ఇంట్లో పాత కారు మీ చేతికి వచ్చింది. కంపెనీవాళ్ళు బిగించి ఇచ్చిన స్టీరియోలో బ్లూటూత్ లేదు, లేదంటే అసలు మోగడమే మానేసింది. దాన్ని మీరే విప్పాలనుకుంటున్నారు. విప్పండి, ఒక పూట తీరిక ఉంటే తాపీగా అయ్యే పనే. ఒక్క షరతు మాత్రం ముందే చెబుతున్నాను: స్టీరియో వెనకున్న కంపెనీ కప్లర్‌ను, అంటే వైర్ల గుత్తిని స్టీరియోకి కలిపే ప్లాస్టిక్ ప్లగ్గును, కొయ్యకూడదు. వైర్లు కోసి మెలిపెట్టి టేపు చుట్టేస్తే పాత స్టీరియోను మళ్ళీ పెట్టే దారి మూసుకుపోతుంది. రేపు ఆ కారు కొన్నవాళ్ళకి ఏ వైరు ఎక్కడిదో తెలియదు. కారు ఇంకా వారంటీలో ఉంటే ఎలక్ట్రికల్ భాగాలకు కంపెనీ వారంటీ నిరాకరించవచ్చు కూడా. అందుకే మిగతా జాగ్రత్తల కంటే దీన్ని ముందు పెట్టాను.

విప్పేముందు, అసలు విప్పాల్సిన అవసరం ఉందో లేదో చూడండి. ఒకవైపు స్పీకర్లే మోగడం లేదంటే సెట్టింగుల్లో బ్యాలెన్సు (ఎడమ కుడి), ఫేడరు (ముందు వెనక) పక్కకి జరిగి ఉన్నాయేమో చూడాలి. మొత్తంగా వెలగడం లేదంటే ముందు ఫ్యూజు చూడాలి. కారు ఫ్యూజు బాక్సు మూత మీద ఆడియో, రేడియో, ఏసీసీ అని రాసి ఉంటుంది. ఎర్ర ఫ్యూజు 10 ఆంపియర్లది, నీలం 15ది, పసుపు 20ది. కాలిన ఫ్యూజు తీసి, అదే ఆంపియర్లది పెట్టండి. అది కూడా వెంటనే కాలిపోతే ఎక్కడో షార్టు ఉందని అర్థం. అంతకంటే పెద్ద ఫ్యూజు పెడితే ఈసారి ఫ్యూజు మిగిలి, వైరు కాలుతుంది.

స్టీరియో కొలతలకు ఒక ప్రమాణం ఉంది. ముందు జర్మనీ ప్రమాణాల సంస్థ డిన్ పెట్టింది, ఆ తరవాత ఐఎస్ఓ 7736 అనే అంతర్జాతీయ ప్రమాణంగా ప్రపంచమంతా తీసుకుంది. సింగిల్ డిన్ అంటే 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు. డబుల్ డిన్ అంటే అదే వెడల్పు, 100 మి.మీ. ఎత్తు. టొయోటా కార్లలో చాలావాటికి ఆ ఖాళీ 200 మి.మీ. వెడల్పు ఉంటుంది, అందుకని మామూలు డబుల్ డిన్ పెడితే రెండు పక్కలా సందు మిగులుతుంది. ఆ సందు మూసే ఫ్రేము కూడా కొత్త స్టీరియోతో పాటే కొనాలి. ఇక డ్యాష్‌బోర్డు ఆకారంలోనే కలిసిపోయిన పెద్ద టచ్ స్క్రీన్లు ఇటీవలి కార్లలో వస్తున్నాయి. వెనక కెమెరా, కారు సెట్టింగులు, కొన్నిట్లో ఏసీ కూడా వాటితోనే నడుస్తాయి. మొదటిసారి చెయ్యి పెట్టడానికి అవి పనికిరావు, వాటిని వదిలెయ్యండి.

సామాను పెద్దగా అక్కర్లేదు. ప్యానెళ్ళు ఎత్తడానికి చప్పటి ప్లాస్టిక్ ట్రిమ్ టూల్ ఒకటి, స్టార్ స్క్రూడ్రైవరు, 8, 10 నంబర్ల సాకెట్లు, పొడుగు ఎక్స్‌టెన్షను, చివర అయస్కాంతం ఉన్న కడ్డీ, మల్టీమీటరు, ఒక పాత తువ్వాలు. ట్రిమ్ టూల్ బదులు ఇనప స్క్రూడ్రైవరు వాడితే ప్యానెల్ అంచు మీద పడ్డ గాటు ఇక పోదు. తువ్వాలును గేరు రాడ్ చుట్టూ పరవాలి. చేజారిన బోల్టు కన్సోల్ సందులోకి పోతే దాని కోసం ఇంకో రెండు ప్యానెళ్ళు విప్పాల్సి వస్తుంది.

బ్యాటరీ తీసే ముందు స్టీరియో కోడు ఉందేమో కనుక్కోండి. పాత హోండా, ఫోక్స్‌వాగన్, రెనో కార్లలో చాలావాటికి దొంగతనం జరక్కుండా కోడు పెట్టారు. ఒకసారి కరెంటు పోయి వచ్చిందంటే తెర మీద కోడ్ అనో సేఫ్ అనో చూపించి అక్కడే ఆగిపోతుంది. ఆ అంకెలు కారు పుస్తకాల సంచిలో చిన్న కార్డు మీద ఉంటాయి. ఊహించి తప్పు నంబర్లు కొడుతూ పోతే స్టీరియో ఇంకా గట్టిగా లాక్ అవుతుంది. పాతదాన్ని ఎప్పటికీ పెట్టనని ఈ రోజు అనుకున్నా సరే, ఆ కార్డు దొరికాకే పని మొదలుపెట్టండి.

కారు చదునైన చోట నీడలో నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టండి. గేరు రాడ్ ముందుకు ఉంటే ప్యానెల్ బయటికి రాదు, అందుకని దాన్ని వెనక్కి లాగి ఉంచాలి. ఆటోమేటిక్ అయితే బ్యాటరీ తీశాక రాడ్ కదలదు, ఈ పని ముందే చూసుకోవాలి. తరవాత ఇగ్నిషన్ ఆఫ్ చేసి, తాళం తీసి జేబులో వేసుకోండి. ఆటోమేటిక్‌లో రాడ్ పార్క్‌లో లేకపోతే తాళం బయటికి రాకపోవచ్చు, అప్పుడు దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి. బటన్ స్టార్టు కారైతే కీని ఇంట్లో పెట్టి రండి. బ్యాటరీ దగ్గర ముందు నెగెటివ్ విప్పాలి. ఎందుకంటే నెగెటివ్ కారు బాడీకి కలిసి ఉంటుంది. పాజిటివ్ ముందు విప్పబోయి స్పానరు బాడీకి తగిలిందంటే వందల ఆంపియర్లు స్పానరు గుండా పోతాయి, చెయ్యి కాలుతుంది. బిగించేటప్పుడు నెగెటివ్ ఆఖరున పెట్టాలి. పదిహేను, పదహారేళ్ళ వాళ్ళయితే ఈ ఒక్క పనికి పెద్దవాళ్ళని పక్కన నిలబెట్టుకోండి.

నెగెటివ్ తీసిన వెంటనే లోపల చెయ్యి పెట్టకండి. ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో కెపాసిటర్లు ఉంటాయి. ప్రమాదంలో బ్యాటరీ తెగిపోయినా బ్యాగు తెరుచుకోవాలని వాటిలో కరెంటు నిలవ ఉంచుతారు. అది దిగిపోవడానికి కనీసం మూడు నిమిషాలు ఆగండి. మీ కారు పుస్తకంలో అంతకంటే ఎక్కువ చెబితే అంతసేపూ ఆగాలి. పసుపు రంగు కప్లర్లు, పసుపు తొడుగు ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని ముట్టుకోవద్దు, మల్టీమీటరు కూడా పెట్టొద్దు. ప్యానెల్ మీద ఎయిర్‌బ్యాగ్ దీపం ఉండి దాని కప్లర్ తీయక తప్పకపోతే, మళ్ళీ పెట్టేదాకా ఇగ్నిషన్ ఆన్ చెయ్యకూడదు. చేస్తే మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి అలాగే ఉండిపోవచ్చు, దాన్ని ఆర్పాలంటే స్కానరు ఉన్న షెడ్డుకి వెళ్ళాల్సిందే.

ఇప్పుడు విప్పడం. స్టీరియో ముఖం మీద రెండు పక్కలా చిన్న రంధ్రాలు గానీ చీలికలు గానీ ఉంటే, స్క్రూలు వెతకక్కర్లేదు. పాత ఫోర్డు కార్లకి నాలుగు గుండ్రటి రంధ్రాలుంటాయి, వాటికి యూ ఆకారపు కడ్డీలు రెండు కావాలి. పాత ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లకి సన్నటి చీలికలు, వాటికి రేకు కీలు. టిక్కుమని శబ్దం వచ్చేదాకా లోపలికి నొక్కి, రెండింటినీ కొంచెం బయటి వైపుకి వంచుతూ సమానంగా లాగితే స్టీరియో జారి వస్తుంది. ఒక పక్కే లాగితే అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది. కడ్డీలకు బదులు మేకులు, హెయిర్ పిన్నులు పెడితే లోపలి స్ప్రింగు వంగిపోతుంది. అటు తరవాత అసలు కీలు పెట్టినా రాదు.

మారుతీ, హ్యుందాయ్, టొయోటా, హోండా కార్లలో ఎక్కువగా ఉండేది రెండో పద్ధతి. స్టీరియో చుట్టూ ఉన్న ప్యానెల్ క్లిప్పుల మీద నిలిచి ఉంటుంది, దాని వెనక నాలుగు బోల్టులో స్క్రూలో ఉంటాయి. ప్యానెల్ తీసే ముందు దాని అంచుల్లో, ఏసీ గాలి కిటికీల లోపల, కింద ఉన్న చిన్న అర వెనక స్క్రూలు దాక్కుని ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. ఒక్క స్క్రూ మిగిలి ఉండగా లాగితే ప్యానెల్ అక్కడే పగులుతుంది. చుట్టూ డ్యాష్‌బోర్డుకి మాస్కింగ్ టేపు అంటించి, కింది మూలలో ట్రిమ్ టూల్ దూర్చి, ఒక్కో క్లిప్పు దగ్గరా కొద్దికొద్దిగా ఎత్తుతూ చుట్టూ తిరగాలి. ఏళ్ళ తరబడి ఎండలో నిలిచిన ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, తొందరపడితే క్లిప్పు తొడుగులు విరుగుతాయి. ప్యానెల్ వదులయ్యాక ఒక్కసారిగా లాగొద్దు. వెనక హజార్డ్ స్విచ్, ఏసీ ప్యానెల్ వైర్లు ఉంటాయి. పాత కార్లలో ఏసీ నాబ్‌ల నుంచి ఉక్కు కేబుళ్ళు పోతాయి, అవి తేలికగా వంగి పాడవుతాయి. అలాంటప్పుడు ఆ కేబుళ్ళు విప్పకుండా ప్యానెల్‌ను పక్కకి వాల్చుకుని పని చేసుకోవాలి. ఒకటో రెండో ఇనప క్లిప్పులు డ్యాష్‌బోర్డు రంధ్రాల్లోనే ఉండిపోతాయి, వాటిని తీసి ప్యానెల్‌కే తొడగండి. ఈ పని మరిచిపోతే గతుకుల రోడ్డు మీద ప్యానెల్ కిటకిటలాడుతూనే ఉంటుంది.

బోల్టులు విప్పుతున్నకొద్దీ ఎక్కడివక్కడ స్టీలు గిన్నెల్లో విడివిడిగా వేయండి. స్టీరియో పక్కల బ్రాకెట్ల స్క్రూలు పొట్టివి. వాటి చోట పొడుగు స్క్రూ వేస్తే లోపలి బోర్డుకో సీడీ యంత్రానికో గుచ్చుకుంటుంది. స్టీరియోను నిటారుగా ముందుకి లాగితే వెనక కప్లర్లు కనిపిస్తాయి. రాకపోతే వెనక ఒక గూటం గానీ బ్రాకెట్ గానీ పట్టుకుని ఉంటుంది, పక్కలకి మెల్లగా ఆడించండి. కప్లర్ తీయడానికి ముందు దాన్ని కొంచెం లోపలికి నొక్కి, అప్పుడు లాక్ నాలుకను అదిమి బయటికి లాగాలి. లోపలికి నొక్కగానే లాక్ మీద బరువు తగ్గుతుంది. యాంటెనా వైరును ఎప్పుడూ లోహపు ప్లగ్గు పట్టుకునే లాగాలి, వైరు పట్టుకుని లాగితే మధ్య తీగ తెగి ఎఫ్‌ఎమ్ గరగరమంటుంది. ప్రతి కప్లర్ తీసే ముందు ఫోనుతో ఫోటో తీసుకోండి.

కొత్తదాన్ని కలపడం మీ కారు మోడల్‌కి దొరికే హార్నెస్ అడాప్టరుతోనే చేయండి. ఒక చివర కంపెనీ కప్లర్‌కి సరిపోతుంది, రెండో చివర కొత్త స్టీరియో వైర్లకి. అతుకులన్నీ ఆ అడాప్టరు మీదే పడతాయి, కారు వైరు చెక్కుచెదరదు. కొత్త స్టీరియోల్లో రంగులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండే వైరు, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్, అంటే కారు బాడీకి కలిసేది. తెలుపు ముందు ఎడమ స్పీకరు, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల చార ఉన్నది ఆయా స్పీకరు నెగెటివ్. కారు వైపు వైర్ల రంగులు మాత్రం కంపెనీకో తీరు, వాటిని నమ్మకూడదు. మల్టీమీటరుతో చూడాలంటే బ్యాటరీ మళ్ళీ కలపాలి. అలా కలిపేముందు విప్పిన ఎయిర్‌బ్యాగ్ కప్లర్లు తిరిగి పెట్టేశారా అని చూసుకోండి. తాళం తీసినా 12 వోల్టులు చూపేది పసుపుకి, తాళం తిప్పితేనే చూపేది ఎరుపుకి. చూశాక నెగెటివ్ మళ్ళీ విప్పి అతుకులు వేయండి.

ఈ పసుపు, ఎరుపు తారుమారైతే తాళం తీసిన ప్రతిసారీ స్టేషన్లు, గడియారం చెరిగిపోతాయి. పాత ఫోక్స్‌వాగన్ కార్లలో స్టీరియో వెనకుండే ఐఎస్ఓ ప్రమాణపు ప్లగ్గులోనే ఇవి అటూ ఇటూగా ఉండేవి, కొన్ని అడాప్టర్లలో మార్చుకునే వీలు అందుకే పెడతారు. రెండింటినీ ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకే కలిపితే స్టీరియో నిద్రపోదు, కారు నాలుగు రోజులు కదలకపోతే బ్యాటరీ డౌన్.

స్పీకరు నెగెటివ్‌ను ఎర్త్‌కి ఎప్పుడూ కలపొద్దు. ఇప్పటి స్టీరియోల్లో స్పీకరుకు పోయే రెండు వైర్లనూ యాంప్లిఫయరే నడుపుతుంది. స్టీరియో ఆన్‌లో ఉన్నప్పుడు ఒక్కోదాన్ని బాడీతో కొలిస్తే రెండిట్లోనూ సుమారు 6 వోల్టులు కనిపిస్తాయి. అందులో ఒకదాన్ని బాడీకి తగిలిస్తే లోపలి చిప్పు కాలిపోవచ్చు. ఏ జత ఏ స్పీకరుదో తెలియకపోతే, స్టీరియో కలపకుండా 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ను ఆ జతకి ఒక్క క్షణం తగిలించండి. ఏ స్పీకరు టప్‌మంటే అది దానిది. అప్పుడు కోన్ బయటికి దూకితే సెల్ పాజిటివ్ తగిలినదే స్పీకరు పాజిటివ్. ఒక స్పీకరుకి పాజిటివ్, నెగెటివ్ తారుమారైతే పాటలో బాస్ పలచబడుతుంది, చాలామంది అది స్పీకరు లోపమనుకుని కొత్తవి కొంటారు.

అతుకులకి నొక్కి బిగించే క్రింపు గానీ, టంకం వేసి, వేడికి ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ స్లీవు గానీ వాడండి. మన వేసవిలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు 70 డిగ్రీల దగ్గరికి పోతుంది, ఆ వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది. ప్యానెల్ నొక్కి మూసే ముందే అన్ని కప్లర్లూ పెట్టి, బ్యాటరీ కలిపి, నాలుగు స్పీకర్లు, ఎఫ్‌ఎమ్, హజార్డ్ స్విచ్, ఏసీ నాబ్‌లు, ఎయిర్‌బ్యాగ్ లైటు ఒక్కొక్కటే చూసుకోండి. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. గడియారం సరిచేయండి. పవర్ విండోల ఆటో పని చెయ్యకపోతే కంగారు పడకండి, వాటిని తిరిగి నేర్పే పద్ధతి కారు పుస్తకంలో ఉంటుంది.

తీసిన స్టీరియోను దాని బ్రాకెట్లు, స్క్రూలు, కోడు కార్డుతో కలిపి ఒక అట్టపెట్టెలో పెట్టి, పెట్టె మీద కారు నంబరు రాసి దాచండి. కారు అమ్మేటప్పుడు ఆ పెట్టె కూడా కొన్నవాళ్ళకి ఇవ్వండి.

మీ
పెదనాన్న