భూమితో పాటు రాసిచ్చిన మనుషులు

అమెరికా దక్షిణాది రాష్ట్రాల పాత కౌంటీ రికార్డులు తిరగేస్తే, తండ్రులు పిల్లలకు రాసిచ్చిన దానపత్రాలు కనిపిస్తాయి. మంచం, పరుపు, గుర్రం, వాటి పక్కనే ఒక అమ్మాయి పేరు. ఇంటిపేరు సాధారణంగా ఉండదు. చాలావాటిలో ‘ఆమెకు ఇకముందు పుట్టబోయే సంతానంతో సహా’ అని కూడా ఉంటుంది.

అది రాసినవాడి అతి జాగ్రత్త కాదు, చట్టమే అలా ఉంది. తల్లి బానిసైతే బిడ్డా బానిసేనని 1662లో వర్జీనియా తేల్చేసింది. తండ్రి ఆ ఇంటి యజమానే అయినా సరే. 1705లో మరో చట్టం బానిసలను స్థిరాస్తి కింద జమకట్టింది. దాంతో భర్త పోతే పొలంలో లాగే మనుషుల్లోనూ భార్యకు బతికినన్నాళ్ళూ మూడో వంతు, తర్వాత అది వారసులకు.

ఇదెలా నడిచిందో అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఎస్టేట్ మౌంట్ వెర్నాన్‌లో తెలుస్తుంది. వర్జీనియాలో ఉంటున్న మనవాళ్ళు ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే తీసుకెళ్ళి చూపించే చోటే. వాషింగ్టన్ భార్య మార్తా. ఆమె మొదటి భర్త డేనియల్ పార్క్ కస్టిస్ 1757లో వీలునామా రాయకుండా పోయాడు. ఆమె మూడో వంతు వాటాకు 84 మంది బానిసలు వచ్చారు. రెండేళ్ళకు ఆమె వాషింగ్టన్‌ను పెళ్ళాడింది. 1799 నాటికి ఆ వాటా 153కి చేరింది. తల్లులు కన్న ప్రతి బిడ్డా అందులోకే జమ.

తన సొంత బానిసలకు వాషింగ్టన్ వీలునామాలో విముక్తి రాశాడు. దీన్ని అందరూ గొప్పగా చెబుతారు. మార్తాకు వచ్చిన కస్టిస్ వాటా మీద మాత్రం ఆయనకూ మార్తాకూ ఆ హక్కు లేదు. వడ్రంగి ఐజాక్, వాషింగ్టన్ సొంత బానిస. అతని భార్య కిట్టీ, కస్టిస్ వాటాలోని బానిస. 1801 జనవరి 1న ఐజాక్‌కు స్వేచ్ఛ వచ్చింది. మరుసటేడు మార్తా చనిపోయాక కిట్టీ, ఆమె కూతుళ్ళు కస్టిస్ మనవల పంపకాల్లోకి వెళ్ళారు.

ఇప్పుడు తమ పూర్వీకులను వెతుక్కునే బానిసల వారసులకు దిక్కు ఈ కాగితాలే. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు దాదాపుగా పేర్లు లేవు. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు, అంతే. పేర్లు ఎక్కింది 1870లోనే. అంతకన్నా వెనక్కి వెళ్ళాలంటే యజమాని ఇంటి వీలునామాలు, పంపకాల జాబితాలు, తాకట్టు పత్రాలు వెతకాలి. నార్త్ కరోలినాలోని బంకూంబ్ లాంటి కౌంటీలు ఆ పత్రాలను ఆన్‌లైన్‌లో పెట్టాయి. అయితే పాత రిజిస్టర్లు యజమానుల పేర్ల వరుసలోనే ఉంటాయి. విముక్తి తర్వాత అందరూ యజమాని ఇంటిపేరు పెట్టుకోలేదు. కాబట్టి ముందు ఆ యజమాని ఎవరో తేల్చుకోవడంలోనే సగం పని ఉంది.