పాత ఫ్లాస్కు కొనేముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పాత ఫ్లాస్కులు సేకరించి, పరీక్షించి, బాగున్నవాటిని రోజూ వాడుకోవడం నాకు ఎంతో ఇష్టమైన పని. హైదరాబాద్ ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో ఒక పాత ఈగిల్ కంపెనీ ఫ్లాస్కు చేతిలోకి తీసుకుంటే చాలు, పక్కనున్నవాళ్లు తలా ఒక సలహా ఇస్తారు. వాటిలో చాలావరకు తప్పు.

అపోహ: వేడినీళ్లు పోశాక బయట చల్లగా ఉంటే ఫ్లాస్కు మంచిదే.

స్టీలు ఫ్లాస్కుకైతే ఈ మాట నిజమే. మరిగే నీళ్లు పోసిన పావుగంటకి ఒళ్లంతా వెచ్చబడితే దాని రెండు గోడల మధ్య ఉండే వ్యాక్యూమ్ (గాలి లేని ఖాళీ) పోయినట్టే, దాన్ని బాగుచేయడం కుదరదు. మూతి దగ్గర మాత్రం వెచ్చగా ఉండొచ్చు. లోపలి గోడ, బయటి గోడ కలిసేది అక్కడే.

గాజు ఫ్లాస్కు సంగతి వేరు. రీఫిల్‌కీ (లోపలుండే రెండు గోడల గాజు సీసాకీ) బయటి డబ్బాకీ మధ్య గాలి ఉంటుంది కాబట్టి పాడైపోయినా చేతికి వెంటనే తెలియదు. దానికి థర్మామీటరే దిక్కు. ముందు గోరువెచ్చని నీళ్లు పోసి, తిప్పి పారబోయండి. చల్లటి గాజులో ఒక్కసారిగా మరిగే నీళ్లు పోస్తే చిట్లిపోవచ్చు. తర్వాత మరిగే నీళ్లు కార్కు కిందిదాకా నింపి, మూత బిగించి, ఆరు గంటలు కదపకుండా ఉంచండి. సగమే నింపి పరీక్షిస్తే మంచి ఫ్లాస్కు కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. లీటరు ఫ్లాస్కులో 70 డిగ్రీలు దాటి ఉంటే నేను ఉంచుకుంటాను. అర లీటరుది త్వరగా చల్లారుతుంది, దానికి కాస్త తగ్గినా ఫర్వాలేదు. 50 కూడా లేకపోతే రీఫిల్ మార్చాల్సిందే.

అపోహ: లోపల మచ్చలు పడ్డాయంటే పనైపోయినట్టే.

వెండిపూత వేడి కిరణాలను వెనక్కి తిప్పుతుంది. ఒకటి రెండు మచ్చలతో పెద్దగా నష్టం లేదు. అసలు చూడాల్సింది రీఫిల్ అడుగున ఉండే చిన్న గాజు మొన. గాలి లాగేసి సీలు చేసింది అక్కడే. అది విరిగితే పూత ఎంత మెరిసినా లాభం లేదు. ఆ మెరుపు పాదరసం అని భయపడేవాళ్లూ ఉన్నారు. అది సిల్వర్ నైట్రేట్ ద్రావణంతో వేసిన వెండి.

నేను జాగ్రత్త పడేది మరో విషయంలో. కొన్ని పాత రీఫిళ్లలో రెండు గోడల మధ్య చిన్న ఆస్బెస్టాస్ (దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే పీచు ఖనిజం) బిళ్లలు ఉంటాయి. గాజు బాగున్నంతవరకు ఇబ్బంది లేదు. పగిలితే మాత్రం చీపురుతో ఊడవకండి. తడిగుడ్డతో తీసి, కవర్లో కట్టి పారేయండి.

అపోహ: ఫ్లాస్కు వేడికే, చల్లటివాటికి కాదు.

1892లో లండన్‌లో జేమ్స్ డ్యువర్ అనే శాస్త్రవేత్త దీన్ని తయారుచేసిందే అతి చల్లటి ద్రవ వాయువుల కోసం! ఇళ్లలో వాడకానికి జర్మనీలో థర్మోస్ కంపెనీ మొదలైంది ఆ తర్వాత, 1904లో. చల్లటి మజ్జిగ హాయిగా పోసుకోండి. గాజుదానిలో పెద్ద ఐసుముక్కలు మాత్రం పడేయొద్దు.

అపోహ: పొద్దున పాలు పోసి పెడితే సాయంత్రం దాకా పాపకి పట్టొచ్చు.

దయచేసి ఈ పని చేయకండి. పాలు 60 డిగ్రీల కిందికి దిగాక సూక్ష్మజీవులు పెరగడం మొదలవుతుంది. పాలు తోడుకోవడానికి కావాల్సిన గోరువెచ్చదనాన్నే ఫ్లాస్కు గంటల తరబడి కాపాడుతుంది. పాపతో ప్రయాణమైతే ఫ్లాస్కులో మరిగించిన నీళ్లు తీసుకెళ్లండి. నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకుండా ఉండగానే పాలపొడి కలిపి, చల్లార్చి అప్పటికప్పుడు పట్టండి.

వాసన వస్తోందని మంచి ఫ్లాస్కులు పారేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. చాలాసార్లు వాసన కార్కుది, గాజుది కాదు. కార్కు మార్చండి, వాడనప్పుడు మూత తీసి ఉంచండి. రీఫిల్ కొనడానికి బేగంబజార్ లాంటి చోటికి వెళ్తే పాతదాన్ని వెంట తీసుకెళ్లండి. లీటరు అని రాసి ఉన్నవన్నీ ఒకే కొలతలో ఉండవు. పొడవు, మూతి వెడల్పు రెండూ సరిపోవాలి.