126లో రాని ఆ 90

మన వాయుసేనలో యుద్ధ విమానాల కొరత మీద మళ్లీ గొడవ మొదలైంది. స్వదేశీ తేజస్ ఎందుకు ఆలస్యం, 114 విదేశీ విమానాలు ఎందుకు అని టీవీల్లో ఒకటే అరుపులు. 1983లో తేజస్‌కు పునాది పడటం, మిగ్‌లకు ‘ఎగిరే శవపేటికలు’ అన్న పేరు రావడం అందరూ విన్నదే. అసలు ముడి పడింది 2007-15 మధ్య.

2007 ఆగస్టులో 126 విమానాలకు టెండరు పిలిచారు. 18 నేరుగా కొనాలి, 108 ప్రభుత్వ విమాన కంపెనీ హెచ్‌ఏఎల్ ఇక్కడే తయారు చేయాలి. పోటీపడిన ఆరింటిలో 2012 జనవరిలో ఫ్రెంచి కంపెనీ దసో చేసే రఫేల్ ఎల్-1గా, అంటే తక్కువ ధర పలికినదిగా తేలింది. ఆ ఏప్రిల్‌లోనే, 2027 దాకా సైన్యానికి ఏమేం కావాలో చెప్పే 15 ఏళ్ల ప్రణాళికకూ ఆమోదం దొరికింది. కాగితం మీద అంతా కుదిరినట్టే.

తర్వాత మూడేళ్లు నలిగింది ఒకటే పేచీ. హెచ్‌ఏఎల్ చేసే 108కి పూచీ ఎవరిది? దసో కంపెనీదే అంది మన రక్షణ శాఖ. వేరేవాళ్ల ఫ్యాక్టరీలో తయారయ్యేవాటికి మాకేం సంబంధం అన్నది దసో వాదన. హెచ్‌ఏఎల్‌కు ఫ్రెంచివాళ్లకంటే 2.7 రెట్లు పనిగంటలు పడతాయని లెక్క తేలినట్టు, 2018లో రఫేల్ కేసు సందర్భంగా కేంద్రం ఇచ్చిన పత్రంలో ఉంది. పనిగంటలంటే డబ్బే కదా. ఆ డబ్బు సంగతికొస్తే, 2014 ఫిబ్రవరిలో రక్షణ మంత్రి ఆంటోనీ ఈ ఏడాదికి లేవనేశారు.

2015 ఏప్రిల్ 10న పారిస్‌లో ప్రధాని మోదీ 36 రఫేల్‌లు కొంటామని ప్రకటించారు. పాత టెండరు అటకెక్కింది. రచ్చంతా ఆ 36 ధర మీదే నడిచింది, రాని 90 గురించి అడిగినవాళ్లు తక్కువ. ఒక్కో స్క్వాడ్రన్‌కు (విమాన దళానికి) 18 చొప్పున వేసుకుంటే అవి ఐదు స్క్వాడ్రన్లు. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో చివరి మిగ్-21లను నీళ్లు చిమ్మి సాగనంపాక, 42 స్క్వాడ్రన్లు ఉండాల్సిన చోట 29 మిగిలాయి. 13 లోటులో ఐదు ఇవే.

ఆ ఖాళీని తేజస్ పూడుస్తుందన్నారు. 2021 ఫిబ్రవరిలో తేజస్‌లో మెరుగైన రకం మార్క్-1ఏలు 83 కొనడానికి హెచ్‌ఏఎల్‌తో ఒప్పందం చేసుకున్నారు. మొదటిది 2024 మార్చికల్లా రావాలి. 2025 ఫిబ్రవరిలో ఏరో ఇండియా విమాన ప్రదర్శనలో వాయుసేనాధిపతి ఏపీ సింగ్ కాక్‌పిట్‌లో కూర్చుని హెచ్‌ఏఎల్ వాళ్లతో అన్న మాటలు కెమెరాకు చిక్కాయి. 11 సిద్ధం చేస్తామన్నారు, ఒక్కటీ లేదు, నాకు మీ మీద నమ్మకం కుదరడం లేదన్నది వాటి సారాంశం. 2010 నాటికే ఆర్డరిచ్చిన 40 పాత తేజస్‌లే ఇంకా పూర్తిగా అందలేదని అంతకు నెల ముందే ఆయన ఓ సభలో చెప్పారు.

హెచ్‌ఏఎల్‌దీ ఓ వాదన ఉంది. మార్క్-1ఏకు అమెరికా కంపెనీ జీఈ ఇంజిన్ మొదటిది 2025 మార్చిలో గానీ రాలేదు. ఇక పాత టెండరు చెడింది తన వల్లే అందామన్నా, 2015లో పారిస్ ప్రకటనకు రెండు వారాల ముందు కూడా, ఆ 126 బేరం దాదాపు కుదిరిందని దసో అధిపతే అన్నారు. మిగ్ వీడ్కోలుకు సరిగ్గా ఒక్కరోజు ముందు, మరో 97 తేజస్‌ల కోసం రూ.62,370 కోట్ల ఆర్డరు మళ్లీ హెచ్‌ఏఎల్‌కే దక్కింది.

దసో మాత్రం 2025 జూన్‌లో హైదరాబాద్ వచ్చింది, రఫేల్ ఫ్యూజలాజ్‌లు (విమానం మొండేలు) ఇక్కడే చేయించుకోవడానికి. ఒప్పందం టాటాలతో.