బత్తాయి పాదులో పేరుకుంటున్న రాగి

వానలకు ముందు నల్గొండ జిల్లాలో హాలియా, గుర్రంపోడు, కనగల్ వైపు వెళ్తే బత్తాయి చెట్ల మొదళ్లకు నీలం పూత కనిపిస్తుంది. అది బోర్డో పేస్టు. బంక తెగులు రాకుండా పూస్తారు. కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. రెండూ వేర్వేరు ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, ఒకటి చేశాక కొడవలి మొన ముంచి చూస్తారు. ఇనుము మీద ఎర్రటి పొర పడితే సున్నం చాలలేదని ఇంకాస్త వేస్తారు. ఆ ఎర్రటి పొర రాగే. పూత కడుక్కుపోయినా, ఆకులు రాలినా ఆ రాగి చేరేది చెట్టు కింది మట్టిలోకే. అక్కడ వానపాములు, కంటికి ఆనని పురుగులు బతుకుతుంటాయి. వాటి సంగతి మన దగ్గర పెద్దగా ఎవరూ అడగలేదు.

ఈ మందు పుట్టింది ఫ్రాన్స్‌లో. మెడాక్ ప్రాంతంలో దారిన పోయేవాళ్లు ద్రాక్ష తెంపుకుపోకుండా, దారి పక్క తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. పండు చూడగానే తినబుద్ధి కాకూడదని ఉపాయం. బూజు తెగులు తోటలను తినేస్తుంటే ఆ తీగలు మాత్రం పచ్చగా నిలబడ్డాయి. బోర్డో విశ్వవిద్యాలయంలో పనిచేసే మిలార్డె అది గమనించి, పరీక్షించి, 1885లో ప్రకటించాడు. పాతికేళ్లు తిరిగేసరికి అది మైసూరు పోకతోటల దాకా వచ్చింది. పోకకాయలు కుళ్లి రాలే కొళెరోగానికి దాన్ని వాడించింది మైసూరు సంస్థానంలో పనిచేసిన శాస్త్రవేత్త లెస్లీ కోల్‌మన్. చవక, నమ్మకమైన మందు. వందేళ్లు దాటినా తెగుళ్లు దానికి అంత తేలిగ్గా అలవాటు పడలేదు. రైతు దాన్ని వదలకపోవడంలో తప్పేమీ లేదు.

చిక్కంతా రాగి ఒక మూలకం కావడంలో ఉంది. మిగతా పురుగుమందుల్లా అది మట్టిలో విరిగిపోదు. బంకమట్టిని, కుళ్లిన ఆకును పట్టుకుని పైపొరలోనే ఉండిపోతుంది. 1960లలో నెదర్లాండ్స్‌లో రాగి మందులు ఏళ్ల తరబడి కొట్టిన పండ్లతోటల్లో వానపాములు దాదాపు కనిపించకుండా పోయాయి. రాలిన ఆకును లోపలికి లాక్కెళ్లేవాళ్లు లేక, అది చాపలా మందంగా పేరుకుంది. డెన్మార్క్‌లోని హైగమ్‌లో 1911 నుంచి 1924 దాకా కలపకు మైలుతుత్తం పట్టించేవారు. ఆ పని ఆగి దశాబ్దాలు గడిచాక కూడా అక్కడి మట్టిలో రాగి అలాగే ఉంది. స్ప్రింగ్‌టెయిల్స్ (మట్టిలో ఎగిరి గెంతే చిన్న జీవులు) మీద, నెమటోడ్ల (కంటికి కనిపించనంత సన్నని నులిపురుగులు) మీద రాగి ప్రభావం తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలకు అదే ప్రయోగశాల అయింది.

వానపాము రాగికి ఉన్నపళంగా చావదు. ప్రయోగశాల మట్టిలో కిలోకు సుమారు 50 మిల్లీగ్రాముల దగ్గరే దాని గుడ్ల సంచులు సగానికి పడిపోయాయి. చావడానికి మాత్రం కొన్ని వందల మిల్లీగ్రాములు పట్టింది. అంటే తవ్వినప్పుడు వానపాము కనబడినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు, పిల్లలు పుడుతున్నాయా అన్నది చూడాలి. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో 1982లో మొదలైన పొలం ప్రయోగంలో ఇతర నెమటోడ్లను వేటాడి తినేవి, అన్నీ తినేవి ముందు దెబ్బతిన్నాయి. బ్యాక్టీరియా తినేవి తట్టుకున్నాయి. మట్టి పులుపెక్కిన మడుల్లో నష్టం ఇంకా ఎక్కువ. కొత్తగా కలిపిన రాగి కంటే పాతబడిన రాగి విషం తక్కువన్న మాటా నిజమే. కాబట్టి ప్రయోగశాల అంకెను నేరుగా తెచ్చి మన తోటకు అంటించకూడదు.

మన తోట లెక్క కూడా వేసి చూద్దాం. ఎకరాకు 400 లీటర్ల ఒక శాతం బోర్డో మిశ్రమం (వంద లీటర్లకు కిలో మైలుతుత్తం) కొడితే అందులో రాగి కిలో. ఎకరం నేల పై పది సెంటీమీటర్ల మట్టి దాదాపు 600 టన్నులు. అంటే కిలో మట్టికి ఒకటిన్నర నుంచి రెండు మిల్లీగ్రాములు. ఇది పెద్ద విషయం కాదు. అసలు సంగతి పాదులో ఉంది. సగం రాగే ఉండే మరో మందు కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను లీటరుకు 3 గ్రాముల చొప్పున చెట్టుకు 20 లీటర్లు పోశామనుకోండి, అందులో రాగి 30 గ్రాములు. మొదలు చుట్టూ మీటరున్నర దాకా ఉన్న పాదులో పైమట్టి ఒక టన్ను. ఒక్కసారికే కిలోకు 30 మిల్లీగ్రాములు పడ్డట్టు! దానికి కోళ్ల ఎరువు తోడైతే, దాణాలో కలిపిన రాగి కూడా వచ్చి చేరుతుంది. పైగా ఇసుక పాలు ఎక్కువున్న మన చల్కా నేలల్లో రాగిని పట్టి ఉంచే సేంద్రియ పదార్థం తక్కువ.

ఇన్నాళ్లూ నల్గొండలో రాగి అంటే కొరత మాటే. 1970లలో ఫ్లోరైడ్ ఊళ్లలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని పరిశీలించిన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, జొన్నల్లో మాలిబ్డినం అనే మూలకం పెరిగి ఒంట్లో రాగి తగ్గడం కూడా ఒక కారణం కావచ్చని అనుమానించారు. 2015లో వచ్చిన భూసార కార్డు కూడా రాగిని సూక్ష్మపోషకంగానే చూస్తుంది. కిలోకు 0.2 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే లోపం, పైనుంటే సరిపడా. ఎంత పైన అన్న ప్రశ్న అందులో లేదు. యూరప్ మాత్రం 2019 నుంచి ఏడేళ్లకు హెక్టారుకు 28 కిలోల రాగి దాటకూడదని హద్దు పెట్టింది.

తోట మట్టి పరీక్షకు పంపేవాళ్లు సాళ్ల మధ్య మట్టి, పాదు మట్టి వేర్వేరు సంచుల్లో కట్టి పంపాలి. రెండింటికీ ‘మొత్తం రాగి’ చూడమని అడగాలి. మామూలు కార్డులో వచ్చేది మొక్కకు అందే భాగం మాత్రమే.