పరిశ్రమకు తగిన సిలబస్ అంటే సాఫ్ట్‌వేర్ల జాబితా కాదు

అధ్యాపకులకు పాఠ్యప్రణాళిక రూపకల్పనలో శిక్షణ ఇచ్చేటప్పుడు దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ నాకు ఎదురయ్యే మాట ఒకటుంది: "ఇప్పుడు బయట ఏ సాఫ్ట్‌వేర్ నడుస్తోందో చెప్పండి, సిలబస్‌లో పెట్టేస్తాం." తమ విద్యార్థులకు ఉద్యోగాలు రావేమోనన్న బెంగతో అడిగే వారిని నేను తప్పుపట్టను. ఆ బెంగను ఆసరా చేసుకొని, ఫలానా టూల్ రాకపోతే ఉద్యోగమే లేదని ప్రచారం చేసేవారి మీదనే నా కోపమంతా.

అపోహ: తాజా టూల్స్‌ను చేరిస్తే సిలబస్ పరిశ్రమకు దగ్గరవుతుంది.

వాస్తవం: టూల్స్ మారిపోతాయి, వాటితో చేసే పని నిలుస్తుంది. వెబ్‌పేజీల్లో యానిమేషన్లు, వీడియోలు నడిపించిన ఫ్లాష్ ప్లేయర్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు ఆగిపోయింది. ప్రోగ్రామింగ్ భాష పైథాన్ పాత వెర్షన్ అయిన పైథాన్ 2కు అదే ఏడాది జనవరి 1న తెరపడింది. 1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన, డేటాను పట్టికలుగా అమర్చే రిలేషనల్ నమూనా మాత్రం నేటికీ డేటాబేస్ పనికి పునాదిగా ఉంది, దాన్ని క్షుణ్ణంగా నేర్చుకున్న విద్యార్థి ఏ కంపెనీ డేటాబేస్ ముందు కూర్చోబెట్టినా కొద్దిరోజుల్లో నిలదొక్కుకోగలడు. అందుకే సిలబస్ రాయడానికి ముందు అడగవలసింది "మీరు ఏం వాడతారు?" అని కాదు, "మీరు ఏం చేస్తారు?" అని.

ఈ ప్రశ్నను పద్ధతి ప్రకారం అడగడానికి 1960లలో కెనడాలో రూపుదిద్దుకున్న డేకమ్ విధానం ఉంది. అందులో పైఅధికారులను కాకుండా, ఆ ఉద్యోగాన్ని రోజూ చేసే నిపుణులను ఐదు నుంచి పన్నెండు మంది వరకు కూర్చోబెట్టి, సాధారణంగా రెండు రోజుల పాటు వారి బాధ్యతలను, పనులను ఒక్కొక్కటిగా కార్డుల మీద రాయించి గోడకు అతికిస్తారు. అధ్యాపకులు అక్కడ ఉండవచ్చు గానీ, వినాలే తప్ప మాట్లాడకూడదు. మనవాళ్లకు అన్నిటికంటే కష్టమైన నియమం ఇదే.

అటువంటి ఒక సమావేశంలో నాణ్యత తనిఖీ చేసే టెక్నీషియన్ ఒకామె తన పనిని ఇలా వివరించారు: కొలత తేడా వస్తే ముందు కొలిచే పరికరమే సరిగ్గా ఉందో లేదో చూస్తారు, మళ్లీ కొలుస్తారు, ఉత్పత్తిని ఆపాలా వద్దా అని తేల్చుకుంటారు, ఆపమంటే కారణాన్ని రాసి షిఫ్ట్ సూపర్‌వైజర్‌కు ఇస్తారు. వింటున్న అధ్యాపకుల సిలబస్‌లో కొలతలు హద్దుల్లో ఉన్నాయో లేదో చూపే కంట్రోల్ చార్ట్ గీయడం ఉంది, దాన్ని గీసే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. చార్ట్ చూసి నిర్ణయం తీసుకొమ్మని అడిగే ప్రశ్న ఒక్కటీ లేదు. వారిలో ఒకరు అక్కడికక్కడే తన పరీక్ష ప్రశ్నను "చార్ట్ గీయుము" నుంచి "ఈ చార్ట్ ఆధారంగా ఉత్పత్తిని ఆపుతారా, లేదా? సూపర్‌వైజర్‌కు కారణం రాయండి" అని మార్చారు. కొత్త సాఫ్ట్‌వేర్ కొనకుండానే ఆ యూనిట్ పరిశ్రమకు దగ్గరైంది.

మిగతా అపోహలకు ఇంత వివరణ అక్కర్లేదు. అభ్యసన లక్ష్యాలను స్థాయిలుగా విభజించే బ్లూమ్ వర్గీకరణ నుంచి బరువైన క్రియాపదాలు తెచ్చి లక్ష్యాల్లో అతికిస్తే సరిపోదు: లక్ష్యం, తరగతిలో చేయించే అభ్యాసం, పరీక్ష ఈ మూడూ ఒకే దిశలో ఉండాలని విద్యా మనస్తత్వవేత్త జాన్ బిగ్స్ 1996లోనే స్పష్టంగా చెప్పారు. సలహా మండలి ఏడాదికోసారి సంతకాలు చేసినంత మాత్రాన సిలబస్ పరిశ్రమతో అనుసంధానమైనట్టు కాదు. పరిశ్రమలో పనిచేయని అధ్యాపకుడు దీనికి పనికిరాడన్న మాట కూడా నిజం కాదు, ఎందుకంటే పనిని విడమరచి చెప్పడం నిపుణుడి వంతు అయితే, దాన్ని ఏ వరుసలో నేర్పితే విద్యార్థికి పట్టుబడుతుందో తెలిసినది అధ్యాపకుడికే. "మాకు ఇక వయసైపోయింది, ఇవన్నీ ఎప్పుడు నేర్చుకుంటాం?" అని దిగులుపడే సీనియర్ అధ్యాపకులకు నేను ప్రత్యేకంగా చెప్పేది కూడా ఇదే.

అందువల్ల మీ సంస్థ శిక్షణకు పంపుతానన్నప్పుడు మరో టూల్ కోర్సు కాకుండా, ఆ పని చేసేవారి పక్కన కూర్చొని గమనించే అవకాశం ఇమ్మని అడగండి. తిరిగి వచ్చాక కనీసం ఒక యూనిట్‌నూ దాని ప్రశ్నపత్రాన్నీ తిరగరాయడానికి బోధన భారం తగ్గించిన సమయాన్ని కూడా అడగండి.