రెండు ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లు, అరవై ఏళ్ల తగువు

2021 డిసెంబరులో స్టీవెన్ స్పీల్‌బర్గ్ పాటలూ డాన్సులతో నడిచే ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ని మళ్లీ తీసి విడుదల చేసినప్పుడు చాలామందికి వచ్చిన అనుమానం ఒకటే. 10 ఆస్కార్లు కొట్టిన సినిమా జోలికి మళ్లీ ఎందుకు వెళ్లడం? 1961 నాటి సినిమాలో పాటలకు వంక పెట్టడానికి లేదు, డాన్సులకు అసలే లేదు. గొడవంతా అందులోని ప్యూర్టోరికన్ల గురించే, అంటే అమెరికా ఏలుబడిలోని కరీబియన్ దీవి ప్యూర్టోరికో నుంచి వచ్చినవాళ్ల గురించే. వాళ్ల కథ ఎవరు రాశారు, వాళ్ల వేషాలు ఎవరు కట్టారు అన్న తగువు ఆ సినిమా కంటే కూడా పాతది.

‘రోమియో జూలియట్’ కథను న్యూయార్క్ వీధుల్లోకి తేవాలన్న ఆలోచన 1949లో నృత్య దర్శకుడు జెరోమ్ రాబిన్స్‌కు వచ్చింది. అప్పుడు అందులో ప్యూర్టోరికన్ల ఊసే లేదు. అబ్బాయి క్యాథలిక్, అమ్మాయి యూదు. ఆ కథ ముందుకు సాగక మూలన పడింది. 1955లో సంగీతకర్త లెనార్డ్ బెర్న్‌స్టైన్, రచయిత ఆర్థర్ లారెంట్స్ లాస్ ఏంజెలెస్‌లో కలిసినప్పుడు, అక్కడి మెక్సికన్ కుర్రాళ్ల ముఠాల గొడవలు పేపర్లో కనిపించాయి. అదే గొడవను న్యూయార్క్‌లో పెడితే? అప్పటికి ప్యూర్టోరికో నుంచి వేలాది కుటుంబాలు న్యూయార్క్ చేరుతున్నాయి. 1917 నుంచే వాళ్లు అమెరికా పౌరులు కాబట్టి వీసా గొడవ లేదు, విమానం టికెట్ ఉంటే చాలు. అయినా ఊళ్లో వాళ్లను పరాయివాళ్లుగానే చూసేవారు.

అలా కథ కుదిరింది. తెల్ల కుర్రాళ్ల ముఠా పేరు జెట్స్, ప్యూర్టోరికన్ల ముఠా పేరు షార్క్స్. జెట్స్ వైపు అబ్బాయి, షార్క్స్ నాయకుడి చెల్లెలు మరియా ప్రేమలో పడతారు. రాబిన్స్, బెర్న్‌స్టైన్, లారెంట్స్, పాటలు రాసిన స్టీఫెన్ సాండ్‌హైమ్, నలుగురూ యూదు కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే. ప్యూర్టోరికన్ ఒక్కరూ లేరు. 1957 సెప్టెంబరు 26న న్యూయార్క్ నాటకశాలల పేట బ్రాడ్‌వేలో నాటకం మొదలైంది. ‘అమెరికా’ పాటలో ఆ దీవిని రోగాల పుట్టగా వర్ణించిన మాటలు వెంటనే విమర్శలు తెచ్చాయి. సినిమాకు వచ్చేసరికి సాండ్‌హైమ్ ఆ పాటను చాలావరకు మార్చి రాశాడు. నాటకంలో ఆడవాళ్లే పాడుకునే పాట, సినిమాలో రాత్రి పూట మేడ మీద ఆడామగా వాదులాటగా మారింది. అమెరికాలో అన్నీ దొరుకుతాయని ఆడవాళ్లు అంటే, తెల్లవాళ్లకైతేనేనని మగవాళ్లు దెప్పుతారు. నన్నడిగితే పాత సినిమాలో అన్నిటికన్నా పదునైన ఘట్టం ఇదే, కొత్త సినిమా కూడా దీన్ని దాటలేదు.

అసలు చిక్కు వేషాల దగ్గర వచ్చింది. మరియాగా నటించిన నటాలీ వుడ్ రష్యన్ వలస కుటుంబం పిల్ల. ఆమె అన్న బెర్నార్డోగా వేసిన జార్జ్ చకిరిస్ గ్రీకు మూలాలవాడు. ఇంకో విచిత్రం, లండన్ నాటకంలో ఇదే చకిరిస్ అవతలి ముఠా నాయకుడు రిఫ్‌గా వేశాడు. అంటే తెల్ల కుర్రాడి వేషం నుంచి ప్యూర్టోరికన్ వేషానికి మారడానికి మేకప్ చాలిందన్నమాట. బెర్నార్డో ప్రియురాలు అనితగా చేసిన రీటా మొరెనో నిజంగానే ప్యూర్టోరికోలో పుట్టింది. అయినా ఆమెకూ అదే ముదురు గోధుమ రంగు పూశారు. మా వాళ్లలో అన్ని ఛాయలూ ఉంటాయి కదా అని ఆమె అడిగితే, నీకు జాతి ద్వేషమా అని మేకప్ మనిషి ఎదురు ప్రశ్న వేశాడట. ఆ మాట ఆమె తర్వాత చాలాసార్లు చెప్పింది.

గొంతులూ అరువువే. నటాలీ వుడ్ పాటలన్నీ తనే పాడి రికార్డు చేసింది, అవే ఉంచుతారనుకుంది. చివరికి తెర మీద వినిపించింది మార్నీ నిక్సన్ గొంతు. ప్లేబ్యాక్ మనకు కొత్త కాదు, పాడినవాళ్ల పేరు చూసి క్యాసెట్లు కొన్నవాళ్లం. హాలీవుడ్‌లో మాత్రం అది గుట్టుగా జరిగే పని. నిక్సన్ పేరు టైటిల్స్‌లో లేదు. రికార్డుల మీద తనకొచ్చే రాయల్టీలో పావు శాతం బెర్న్‌స్టైనే ఆమెకు వదులుకున్నాడు.

సినిమా చెప్పకుండా వదిలేసిన సంగతి ఇంకొకటుంది. మొదటి డాన్సులో కొంత భాగం తీసిన వెస్ట్ 68వ వీధి అప్పటికే కూల్చివేతకు సిద్ధంగా ఉంది. ఆ చుట్టుపక్కలే శాన్ హువాన్ హిల్ అనే పేట, నల్లజాతివాళ్లూ ప్యూర్టోరికన్లూ ఉండే చోటు. మురికివాడల తొలగింపు పేరుతో న్యూయార్క్ అధికారి రాబర్ట్ మోజెస్ నడిపిన పథకం దాదాపు 7,000 కుటుంబాలను అక్కడి నుంచి లేపేసింది. ఆ స్థలంలో సంగీత, నాటకశాలల సముదాయం లింకన్ సెంటర్ వచ్చింది. 1959లో దానికి తొలి పార మట్టి తవ్వింది అధ్యక్షుడు ఐసెన్‌హోవర్. ఏ వీధి మాదంటే మాదని కుర్రాళ్లు కత్తులు దూశారో, ఆ వీధి ఇద్దరిదీ కాకుండా పోయింది.

స్పీల్‌బర్గ్ సినిమా మొదలయ్యేది సరిగ్గా అక్కడే. పాత సినిమా కెమెరా మాన్‌హాటన్ మేడల పైనుంచి ఎగురుతూ వచ్చి కుర్రాళ్ల చిటికెల మీద ఆగుతుంది. కొత్తది శిథిలాల మీదుగా పాకి, గోడలు కూల్చే ఇనుప గుండును, రాబోయే లింకన్ సెంటర్ బోర్డును చూపిస్తుంది. జెట్స్ ముఠా రంగు డబ్బాలతో వెళ్లి గోడ మీది ప్యూర్టోరికో జెండా బొమ్మను పాడుచేస్తుంది. షార్క్స్ తమ దేశగీతం ‘లా బొరింకేన్యా’ అందుకుంటారు. స్క్రీన్‌ప్లే రాసిన టోనీ కుష్నర్ చేసిన మార్పులన్నిట్లో ఇదే బలమైనదని నా లెక్క. రీమేక్‌కు అసలు కారణం ఈ ఐదు నిమిషాల్లోనే దొరుకుతుంది.

స్పానిష్ మాటలకు సబ్‌టైటిల్స్ వేయకపోవడం మీద పెద్ద చర్చే జరిగింది. ఇంగ్లీషుకు పైచేయి ఇవ్వకూడదని అలా చేశానన్నాడు స్పీల్‌బర్గ్. దీనికీ ఓ పాత అనుభవం ఉంది. 2009లో బ్రాడ్‌వేలో నాటకాన్ని మళ్లీ వేసినప్పుడు ప్యూర్టోరికన్ మూలాలున్న పాటల రచయిత లిన్ మాన్యువెల్ మిరాండా చేత కొన్ని పాటలు స్పానిష్‌లోకి మార్పించారు. కొన్ని నెలలకే వాటిలో కొంత భాగాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తెచ్చేశారు.

ఈసారి షార్క్స్ వేషాలన్నీ లాటిన్ మూలాలున్నవాళ్లకే ఇచ్చారు. మరియాగా వేసిన రేచల్ జెగ్లర్‌ను దాదాపు 30,000 మంది దరఖాస్తుల్లోంచి ఎంచారు, తన పాటలు తనే పాడింది. 1962లో ఆస్కార్ అందుకున్న మొరెనో కోసం వాలెంటీనా అనే కొత్త పాత్ర రాసి, ‘సమ్‌వేర్’ పాట ఆమెకే ఇచ్చారు. అనితగా అరియానా డిబోస్‌కు 2022లో ఆస్కార్ వచ్చింది. 7 నామినేషన్లలో సినిమాకు దక్కింది అదొక్కటే. దాదాపు 10 కోట్ల డాలర్ల ఖర్చుకు వసూళ్లు 8 కోట్లు కూడా దాటలేదు. కోవిడ్ భయం పోని రోజులవి, థియేటర్లకు జనం రాకపోవడానికి అదీ ఒక కారణమే.

తగువు మాత్రం తీరలేదు. జెగ్లర్ తల్లి వైపు మూలాలు కొలంబియావి, ప్యూర్టోరికోవి కావని కొందరు ఎత్తిచూపారు. అంతకన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. ప్యూర్టోరికన్ జీవితం మీద హాలీవుడ్ ఇంత డబ్బు పెట్టడానికి ముందుకొచ్చినప్పుడు, చేతికందింది మళ్లీ 1957లో బయటివాళ్లు రాసిన ముఠాల కథే.